తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

మార్చి నెలాఖరుకు మా కాలేజీలో రిజిస్టర్లన్నీ పూర్తి చేస్తారు. నేను ఒక చిన్న పట్నంలో డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాను, కాంట్రాక్టు మీద. ఆ రోజు స్టాఫ్ రూంలో టీ తాగుతుంటే ఒక రిజిస్టర్ నా ముందుకొచ్చింది. అంతర్గత ఫిర్యాదుల కమిటీ మినిట్స్. ఏడాదిలో నాలుగు సమావేశాలు జరిగినట్టు నాలుగు తేదీలు వేసి ఉన్నాయి. నాలుగింటి కిందా ఒకటే వాక్యం, "ఫిర్యాదులు ఏవీ రాలేదు" అని. సభ్యుల్లో నా పేరుంది. ఆ నాలుగు తేదీల్లో ఒక్కనాడూ మేము కలిసి కూర్చోలేదు. అయినా సంతకం పెట్టాను. నాలుగుచోట్లా పెట్టాను.

వారం తిరక్కుండానే బి.ఏ. రెండో సంవత్సరం అమ్మాయి ఒకతె కారిడార్లో నన్ను ఆపింది. "మేడం, ఆ మూల రూం తాళం ఎవరి దగ్గరుంటది?" అంది. మూల రూం అంటే మెట్ల పక్కనున్న గది. దాని మీద 'మహిళా సాధికారతా విభాగం' అని నీలిరంగు బోర్డు ఉంటుంది. లోపల విరిగిన బెంచీలు, పాత జవాబు పత్రాల కట్టలు. "ఆయమ్మనడుగమ్మా" అనేసి క్లాసుకు టైమవుతోందని వెళ్లిపోయాను. ఎందుకు కావాలని అడగలేదు. మెట్లెక్కుతుంటే అడగాల్సిందనిపించింది. అప్పటికే ఆ అమ్మాయి వెళ్లిపోయింది. మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు. నేను కదిపితే "ఏం లేదు మేడం, ఊకనే" అంది.

సాహిత్యంలో డాక్టరేట్ చేసిన దాన్ని. తెలుగు కథల్లో స్త్రీల మౌనం గురించి మూడొందల పేజీలు రాసిన దాన్ని. ఎదురుగా నిలబడిన మౌనాన్ని మాత్రం ఆయమ్మ దగ్గరికి పంపించాను. ఈ వ్యాసం ఆ సిగ్గులోంచే వచ్చింది. ఆ గది మా కాలేజీలోకి ఎట్లా వచ్చింది? ఆ బోర్డు, ఆ కమిటీ, లైబ్రరీలో ఆ నాలుగు పుస్తకాలు, ఎన్.ఎస్.ఎస్. యూనిట్, హాస్టల్ సీటు, స్కాలర్‌షిప్... న్యాయం గురించి చదువుకోవాలనుకునే, న్యాయం కావాలనుకునే ఒక డిగ్రీ పిల్లకు కాలేజీలో ఉన్నవని మనం చెప్పుకునే ఇవన్నీ ఎక్కణ్ణుంచి వచ్చాయి, ఎవరి కోసం వచ్చాయి అని వెతుక్కుంటూ పోయాను.

మొదట నేను డిగ్రీ చదివిన రోజుల నుంచే మొదలుపెట్టాలి. అప్పుడు నాకు దొరికిన ఏకైక తలుపు ఎన్.ఎస్.ఎస్. దానికో చరిత్ర ఉంది. చదువుకూ సమాజానికీ సంబంధం ఉండాలని కొఠారి కమిషన్ (1964-66) చెప్పింది. గాంధీ శత జయంతి ఏడాది, 1969 సెప్టెంబర్ 24న, 37 యూనివర్సిటీల్లో 40 వేల మంది విద్యార్థులతో జాతీయ సేవా పథకం మొదలైంది. అదే 1969లో తెలంగాణ కోసం విద్యార్థులు వీధుల్లో ఉన్నారు, కాల్పుల్లో చనిపోతున్నారు. ఒక పక్క విద్యార్థి అడుగుతున్న న్యాయం, మరోపక్క ప్రభుత్వం విద్యార్థి చేత చేయించే సేవ. రెండూ ఒకే ఏడాది రావడం యాదృచ్ఛికమే కావచ్చు. కానీ సేవకూ న్యాయానికీ మధ్య ఉన్న ఆ దూరం ఇప్పటికీ మన కాలేజీల్లో అట్లాగే ఉంది. రెండేళ్లలో 240 గంటల సేవ, ఒక ప్రత్యేక శిబిరం, చివర్న సర్టిఫికెట్.

మా శిబిరం ఒక పల్లెటూళ్లో, ప్రభుత్వ పాఠశాల గదుల్లో జరిగింది. బస్టాపు నుంచి బడి దాకా రోడ్డు ఊడ్చాం, మొక్కలు నాటాం. సాయంత్రం ఆరు దాటాక అమ్మాయిలం బడి దాటి బయటికి రాకూడదు. అబ్బాయిలు ఇంటింటి సర్వే చేశారు. మేము కూరగాయలు తరిగాం. మాలో ఒకమ్మాయి రెండోరోజు రాత్రి పక్క మీద పడుకుని మెల్లగా అంది, "మా ఊళ్లో కూడ క్యాంపు పెట్టిండ్రు. మా వాడ దాక రాలే" అని. ఆ మాట విన్నాక చూస్తే మేము ఊడ్చిన రోడ్డూ ఆ ఊరి వాడ దాకా పోలేదు, కాలువ దగ్గరే ఆగిపోయింది. ఇది మేమెవ్వరం మా రిపోర్టులో రాయలేదు. అట్లాగని ఆ శిబిరాన్ని కొట్టిపారేయలేను. పెళ్లికో చావుకో తప్ప ఇల్లు కదలని నేను వారంరోజులు ఇంటికి దూరంగా ఉన్నది అదే మొదటిసారి. ఆ రాత్రి ఆ మాట నా చెవిన పడింది అక్కడే. పథకం రాసినవాళ్లు ఊహించి ఉండరు గానీ, అట్లాంటి రాత్రులే దానికి అసలు ఫలితమేమో!

అమ్మాయిలు తమకు తాముగా తలుపు తీసుకున్న కాలం ఒకటుంది. అది మా అమ్మల కాలం. నాకు తెలిసింది మాత్రం యూనివర్సిటీకి వచ్చాకే. 1974లో హైదరాబాదులో కాలేజీ, యూనివర్సిటీ విద్యార్థినులు ప్రగతిశీల మహిళా సంఘాన్ని, మనందరం పి.ఓ.డబ్ల్యు. అని పిలుచుకునే దాన్ని పెట్టుకున్నారు. అంతకు రెండేళ్ల ముందే, 1972 ఏప్రిల్‌లో, ఉస్మానియాలో జార్జి రెడ్డిని చంపారు. క్యాంపస్ అంతా రాజకీయాలతో ఉడుకుతున్న కాలం. ఆ వామపక్ష రాజకీయాల్లోంచే వచ్చిన అమ్మాయిలు బస్సుల్లో, కాలేజీ గేట్ల దగ్గర ఎదుర్కొనే వేధింపుల గురించీ, కట్నం గురించీ, అశ్లీల పోస్టర్ల గురించీ మాట్లాడటం మొదలుపెట్టారు. సమకాలీన స్త్రీల ఉద్యమంలో కట్నానికి వ్యతిరేకంగా తొలి నిరసనలు 1975లో హైదరాబాదులో ఈ సంఘం చేసినవేనని, వాటిలో కొన్నింటికి రెండు వేల మంది దాకా వచ్చారని రాధా కుమార్ భారతీయ స్త్రీల ఉద్యమ చరిత్రలో రాశారు. 'రెండు వేల మంది' అన్నచోట నేను చాలాసేపు ఆగిపోయాను. వాళ్లకు ఏ కాలేజీ గది ఇచ్చింది? ఏ సర్క్యులర్ పిలిచింది?

అదే 1974 డిసెంబరులో ఢిల్లీలో మరో పని పూర్తయింది. ఫూల్‌రేణు గుహ అధ్యక్షురాలిగా, వీణా మజుందార్ సభ్య కార్యదర్శిగా ఉన్న కమిటీ దేశంలో స్త్రీల స్థితిగతుల మీద నివేదిక ఇచ్చింది. సమానత్వం వైపు వెళుతున్నామనుకున్న దేశంలో స్త్రీల నిష్పత్తి పడిపోతోందని, పని తగ్గిపోతోందని ఆ నివేదిక చూపించింది. ఇంతకాలం పాఠాలు చెబుతూ ఇది మాకు కనిపించలేదేమిటని అది రాసిన అధ్యాపకురాళ్లే కలవరపడ్డారు. బొంబాయిలో నీరా దేశాయి ఎస్.ఎన్.డి.టి. మహిళా విశ్వవిద్యాలయంలో స్త్రీల అధ్యయన విభాగం మొదలుపెట్టిందీ 1974లోనే. కానీ 1975 జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చింది. అంతర్జాతీయ మహిళా సంవత్సరం అని ప్రభుత్వం ఉత్సవాలు చేస్తున్న ఏడాదే హైదరాబాదులో ఆ అమ్మాయిల సంఘం చెల్లాచెదురైంది. అరెస్టులయ్యాయి, కొందరు రహస్య జీవితంలోకి వెళ్లారు. మన కాలేజీల్లో మార్చి 8న ముగ్గుల పోటీలు పెట్టినప్పుడల్లా నాకు ఆ 1975 గుర్తొస్తుంది.

ఎమర్జెన్సీ పోయాక 1978 మార్చి చివర్లో ఒక రాత్రి సినిమా చూసి భర్తతో తిరిగివస్తున్న రమీజాబీని నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో పోలీసులు అత్యాచారం చేశారు. ఆమె భర్త అహ్మద్ హుస్సేన్‌ను కొట్టి చంపారు. నగరం భగ్గుమంది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసుల్ని దోషులుగా తేల్చింది. కేసును కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ చేసుకున్నాక, 1981లో వాళ్లు నిర్దోషులుగా బయటపడ్డారు. విచారణ జరిగినన్నాళ్లూ ఆమె ఎట్లాంటిది అన్న చర్చే జరిగింది. నల్లకుంట ఉస్మానియా యూనివర్సిటీకి ఎంత దూరమో హైదరాబాదు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లోనే స్త్రీ శక్తి సంఘటన రూపుదిద్దుకుంది. పి.ఓ.డబ్ల్యు.లో ఉండిన కె. లలితతో పాటు ఇంగ్లీషు చెప్పే వసంత్ కన్నబిరాన్, సూజీ తారు, రాజనీతి శాస్త్రం చెప్పే రమా మేల్కోటే, జాతీయ పోషకాహార సంస్థలో డాక్టరు వీణా శత్రుఘ్న లాంటివాళ్లు అందులో కలిశారు. ఉద్యోగం ఒకచోట, ఈ పని ఇంకోచోట. ఎవరి ఇళ్లలోనో కూర్చుని చదివారు, పోట్లాడుకున్నారు, రాశారు.

అట్లా వచ్చిందే 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను వెతుక్కుంటూ వెళ్లి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రికార్డు చేసి తెచ్చిన పుస్తకం. నాకది పి.జి. హాస్టల్లో ఒక సీనియర్ ట్రంకు పెట్టెలో జిరాక్స్ కాపీగా దొరికింది. సగం పేజీలు పక్కకు ఒరిగి ఉన్నాయి, కొన్నిచోట్ల చివరి అక్షరాలు కత్తిరించుకుపోయాయి. చిట్యాల ఐలమ్మ మాట్లాడిన పేజీలు ఆ కాపీలోనే చదివాను. తన పొలం, తన పంట కోసం దేశ్‌ముఖ్‌తో తలపడిన చాకలి మనిషి. ఆమె 1985 సెప్టెంబర్‌లో చనిపోయింది, పుస్తకం ఆ మరుసటేడు వచ్చింది. డిగ్రీలో మూడేళ్లు చరిత్ర చదివినా ఆమె పేరు నాకు ఏ పరీక్షలోనూ తగల్లేదు. కోఠీలో పాత బ్రిటిష్ రెసిడెన్సీలో ఉన్న ఉమెన్స్ కాలేజీ 1924లో పుట్టింది. 2022లో అది మహిళా విశ్వవిద్యాలయమైంది, 2024లో దానికి ఐలమ్మ పేరు పెట్టారు. సంతోషమే. కానీ ఆమె మాటను ఆమె బతికుండగా టేపులో పట్టుకున్నది ఏ విశ్వవిద్యాలయపు ప్రాజెక్టూ కాదు. సెలవుల్లో బస్సులెక్కి ఊళ్లకు పోయిన ఆడవాళ్లు. మనం 'వనరు' అంటున్నామే, అది మొదట అట్లా తయారైంది.

1985లో అన్వేషి వచ్చింది. యూనివర్సిటీ ప్రాంగణాల్లో చోటులేని ప్రశ్నలకు ఒక లైబ్రరీ, కొన్ని కుర్చీలు, మాట్లాడుకునే మధ్యాహ్నాలు. నేను పిహెచ్.డి. చేస్తున్నప్పుడు అక్కడ కూర్చుని చదివిన రోజులున్నాయి. లైబ్రరీలో పుస్తకం తీసి ఇచ్చేవాళ్లు 'ఎందుకు చదువుతున్నావు' అని అడగటం నాకు అక్కడే కొత్త. ఇవతల ప్రభుత్వం కూడా కదిలింది. 1981లో బొంబాయిలో స్త్రీల అధ్యయనాల మీద తొలి జాతీయ సదస్సు, మరుసటేడు ఆ అధ్యయనాల భారతీయ సంఘం, 1986 జాతీయ విద్యా విధానంలో స్త్రీల సమానత్వం కోసం చదువు అన్న మాట, ఆ వెనకే యు.జి.సి. డబ్బుతో యూనివర్సిటీల్లో స్త్రీ అధ్యయన కేంద్రాలు, తర్వాత కొన్ని కాలేజీల్లోనూ. వాటిని నడపడానికి అధ్యాపకురాళ్లు పడ్డ పాట్లు ఇంకో వ్యాసం. 2017 మార్చిలో పన్నెండో ప్రణాళిక ముగిసినప్పుడు ఈ కేంద్రాలు ఉంటాయా పోతాయా అని నెలల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది. ముప్ఫై ఏళ్ల పనికి నెలలవారీ ఆయుష్షు!

ఇక్కడొక మాట చెప్పాలి. ఈ కేంద్రాలన్నీ ఎక్కువగా ఎం.ఏ., ఎం.ఫిల్., పిహెచ్.డి. చేసేవాళ్ల దగ్గరే ఆగిపోయాయి. డిగ్రీ కాలేజీలకు వచ్చింది బోర్డు. 1994లో నాక్ వచ్చాక ఆ బోర్డుకు మరో అవసరం ఏర్పడింది. ఏడో క్రైటీరియన్ కింద లింగ సమానత్వం కోసం కాలేజీ ఏం చేసిందో చూపించాలి. చూపించాలంటే ఫొటో కావాలి. బ్యానర్, దాని ముందు వరసగా అమ్మాయిలు, మధ్యలో శాలువా కప్పుకున్న అతిథి. ఫొటో అయ్యాక గది తాళం మళ్లీ ఆయమ్మ దగ్గరికి. 1975లో గది లేకుండా రెండు వేల మంది వచ్చారు. ఇప్పుడు గది ఉంది.

కానీ నేను ఇంతవరకు చెప్పిన చరిత్ర కూడా పూర్తిది కాదు. మా శిబిరంలో ఆ అమ్మాయి అన్న మాట నా చెవిలో ఉంది కనక ఇంకోవైపు నుంచి కూడా చూడాలి. ఆ అమ్మాయిని కాలేజీ దాకా తెచ్చింది స్త్రీ అధ్యయన కేంద్రం కాదు, ప్రభుత్వ హాస్టలూ స్కాలర్‌షిపూ. షెడ్యూల్డు కులాల విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో మొదలైంది, అంబేద్కర్ వైస్రాయి కౌన్సిల్‌లో సభ్యుడిగా ఉన్న కాలంలో. క్యాంపస్‌లో సామాజిక న్యాయానికి ఉన్న వనరులన్నిటిలోకీ పాతదీ, పెద్దదీ అదేనని నా అభిప్రాయం. మన సెమినార్లలో దాని పేరెత్తరు. అది గుమాస్తా టేబుల్ దగ్గరి విషయం కదా! ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం, బ్యాంకు పాస్‌బుక్కు, వేలిముద్ర... ఒక్క కాగితం తక్కువైతే ఒక సంవత్సరం పోయినట్టే. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక అమ్మాయిలు ఎంతమంది డిగ్రీల్లోకి వచ్చారో క్లాసులో నిలబడి చూస్తే తెలుస్తుంది. ఆ డబ్బు ప్రభుత్వం నుంచి రాలేదని సర్టిఫికెట్లు ఆపేసే ప్రైవేటు కాలేజీల సంగతీ ఆ అమ్మాయిలకే తెలుసు. బి.ఇడి. సీటు వచ్చి, టి.సి. రాక, చేరలేక ఇంట్లో కూర్చున్న పిల్లలు నా విద్యార్థినుల్లోనే ఉన్నారు. 2016లో తెలంగాణలో సాంఘిక సంక్షేమ గురుకుల మహిళా డిగ్రీ కాలేజీలు 30 తెరిచారు. నా పాత విద్యార్థిని ఒకతె చెల్లెలు అందులో చదివి ఇప్పుడు పోటీ పరీక్షలకు కూర్చుంటోంది. ఆ ఇంట్లో అక్కకు పదిహేడేళ్లకే పెళ్లయింది. ఆ ఇంటికి సంబంధించినంత వరకు సామాజిక న్యాయం అంటే ఆ రెండు జీవితాల మధ్య తేడానే.

హాస్టల్ ఆశ్రయమే కాదు, తాళం కూడా. సాయంత్రం గేటు వేసే వేళ అమ్మాయిలకు ఒకటి, అబ్బాయిలకు ఒకటి. 2015లో ఢిల్లీలో అమ్మాయిలు 'పింజ్రా తోడ్' అని, పంజరం బద్దలు కొట్టమని రాత్రిళ్లు రోడ్ల మీదికి వచ్చినప్పుడు మా స్టాఫ్ రూంలో "వాళ్లకేం తక్కువ" అన్నారు. మా హాస్టల్ పిల్లలు గేటు గురించి అడగలేదు. బాత్‌రూముకు గడియ కావాలని అడిగారు. రెండూ ఒకటే ప్రశ్న అని నాకు అర్థం కావడానికి కొంతకాలం పట్టింది.

స్త్రీవాదులు కులాన్ని చూడటం లేదని దళిత స్త్రీలు నిలదీసిన చరిత్ర మన పాఠకులకు కొత్త కాదు. 1985లో కారంచేడు, 1991 ఆగస్టులో చుండూరు. ఆ తర్వాత మన క్యాంపస్‌లు మునుపట్లా లేవు. 1993లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ పుట్టింది. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' వచ్చింది, దళిత స్త్రీల సాహిత్యాన్ని ఒకచోట చేర్చి. ఇవాళ తెలుగులో ఎం.ఏ. చేసే అమ్మాయికి అది సిలబస్ పుస్తకంలా అనిపించొచ్చు. అప్పుడు మాత్రం అది గట్టిగా తట్టిన తలుపు. తర్వాత 2016 జనవరి 17. రోహిత్ వేముల. హాస్టల్ నుంచి వెలేసిన అయిదుగురు పరిశోధక విద్యార్థులు క్యాంపస్ మధ్యలో 'వెలివాడ' కట్టుకుని చలిలో పడుకున్నారు. అతనికి 2015 జూలై నుంచి ఫెలోషిప్ డబ్బు రాలేదు. వివక్ష జరగకుండా చూడాలని యు.జి.సి. 2012లోనే నిబంధనలు చేసింది. సమాన అవకాశాల విభాగం, వివక్ష నిరోధక అధికారి అన్నీ కాగితం మీద ఉన్నాయి. ఆ కాగితం ఏమైందని అడుగుతూ 2019లో సుప్రీంకోర్టుకు వెళ్లింది ఇద్దరు తల్లులు, రాధికా వేముల, ముంబైలో చనిపోయిన డాక్టర్ పాయల్ తడ్వి తల్లి ఆబెదా తడ్వి. నిబంధన ఎవరి కోసం రాశారో వాళ్లు లేరు, అమలు చేయమని అడగటానికి అమ్మలు మిగిలారు.

ఇప్పుడు మళ్లీ ఆ రిజిస్టర్ దగ్గరికి వస్తాను. దాని వంశవృక్షం కూడా ఒక స్త్రీ దగ్గరే మొదలవుతుంది. రాజస్థాన్‌లో బాల్యవివాహాన్ని ఆపబోయినందుకు 1992లో అత్యాచారానికి గురైన భన్వరీ దేవి. ఆమె ప్రభుత్వ కార్యక్రమంలో పనిచేసే 'సాథిన్'. పని చేయబోతే అత్యాచారం జరిగిందని స్త్రీల సంఘాలు సుప్రీంకోర్టుకు వెళితే 1997 ఆగస్టు 13న విశాఖ తీర్పు వచ్చింది. పనిచేసే ప్రతిచోటా కమిటీ ఉండాలంది. 1999లో జె.ఎన్.యు.లో జిఎస్‌క్యాష్ అనే కమిటీ వచ్చింది. అందులో విద్యార్థుల ప్రతినిధులు ఎన్నికై వచ్చేవాళ్లు. 2017లో దాన్ని తీసేసి అంతర్గత ఫిర్యాదుల కమిటీ పెట్టారు. ఈలోగా 2012 డిసెంబర్ ఘటన, ఆ తర్వాత యు.జి.సి. వేసిన 'సక్షమ్' నివేదిక, 2013 చట్టం, 2015లో ఉన్నత విద్యాసంస్థలకు యు.జి.సి. నిబంధనలు.

ఆ నిబంధనలు నేను చదివింది ఈ ఏప్రిల్‌లోనే, సంతకాలు పెట్టేశాక. నాలుగో క్లాజులో కమిటీ ఎట్లా ఉండాలో ఉంది. అధ్యక్షురాలు సీనియర్ అధ్యాపకురాలు, ఇద్దరు అధ్యాపకులు, ఇద్దరు బోధనేతర ఉద్యోగులు, బయటి నుంచి స్త్రీల కోసం పనిచేసే ఒకరు. వ్యవహారం విద్యార్థులకు సంబంధించిందైతే ముగ్గురు విద్యార్థులు కూడా ఉండాలి, డిగ్రీ నుంచి ఒకరు, పి.జి. నుంచి ఒకరు, పరిశోధకుల నుంచి ఒకరు. వాళ్లు పారదర్శకంగా, ప్రజాస్వామిక పద్ధతిలో ఎన్నిక కావాలి. ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివాను. నేను ఇంతదాకా చెప్పుకొచ్చిన చరిత్రలో డిగ్రీ అమ్మాయిని పేరుపెట్టి పిలిచి కుర్చీ వేసినచోటు ఇదొక్కటే. శ్రోతగా కాదు, వాలంటీర్‌గా కాదు, నిర్ణయం చేసే మనిషిగా. మా కమిటీలో విద్యార్థిని పేరు ఉంది. ఎన్నిక జరగలేదు. ఆ అమ్మాయికి తను కమిటీలో ఉన్నట్టు తెలియదు. నేను అడిగి తెలుసుకున్నాను.

మన రాష్ట్ర యూనివర్సిటీల్లో, వాటి కాలేజీల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు 1980ల చివర్లోనే ఆగిపోయాయి. ఒక తరానికి పైగా ఎన్నిక అంటే ఏమిటో కాలేజీలో చూడలేదు. ఇంక కమిటీకి ఎన్నిక ఎట్లా జరపాలో ఎవరికి తెలుసు? "గొడవలవుతాయి మేడం" అన్నారు మా సీనియర్ ఒకరు. ఆ మాటలో ఉన్న భయం నాకు అర్థమవుతుంది. నేను విద్యార్థి రాజకీయాల్లోని మగ పెత్తనాన్ని మెచ్చుకోబోవటం లేదు, పి.ఓ.డబ్ల్యు. అమ్మాయిలకూ అది తప్పలేదు. అయినా గొడవలవుతాయని అమ్మాయిల చేత ఓటు వేయించకపోవడమూ, గొడవలవుతాయని అమ్మాయిల్ని ఆరు గంటలకే గదిలో పెట్టడమూ ఒకే నోట్లోంచి వచ్చే మాటలు.

క్లాసులో ఏమన్నా చదువుకునే వీలుందా అంటే, ఉంది, కొందరికి. 2015లో తెలుగు అకాడమీ జెండర్ మీద ఒక ద్విభాషా పాఠ్యపుస్తకం వేసింది. ఎ. సునీత, దుగ్గిరాల వసంత, వసుధా నాగరాజ్, గోగు శ్యామల, ఉమా భృగుబండ, రమా మేల్కోటే, సూజీ తారు తదితరులు కలిసి రాసింది. ఇంటిపని, వేధింపులు, స్త్రీల చరిత్ర... పక్కపక్కనే తెలుగూ ఇంగ్లీషూ. జె.ఎన్.టి.యు. హైదరాబాద్ దాన్ని ఇంజినీరింగ్ విద్యార్థులకు తప్పనిసరి చేసింది. మా పట్నంలో పక్క వీధి ఇంజినీరింగ్ కాలేజీలో మెకానికల్ అబ్బాయిలు అది చదివారు. మా బి.ఏ. అమ్మాయిలు చదవలేదు. నేను నా కాపీని తిప్పుతుంటాను. ఇప్పటికి అట్ట ఊడింది. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థులకు ఇప్పుడు సామాజిక సేవా ప్రాజెక్టు కూడా పెట్టారు, క్రెడిట్లతో. అక్కడ పనిచేసే స్నేహితురాలు చెప్పింది, మంచి లెక్చరర్ దొరికితే పిల్లలు ఊళ్లో కూలి రేట్లు, నీళ్లు, తాగుడు అన్నీ రాసుకొస్తున్నారట. దొరక్కపోతే జిరాక్స్ షాపులో తయారైన రిపోర్టు కొనుక్కొస్తున్నారట. ఆ రిపోర్టులు మా జిల్లాలోనూ దొరుకుతాయి.

మే నెలలో నేను ఆయమ్మ దగ్గర తాళంచెవి తీసుకుని బజారుకు వెళ్లి మూడు నకళ్లు చేయించాను. నూట ఇరవై రూపాయలయ్యాయి. సెలవుల్లో ఆయమ్మా నేనూ జవాబు పత్రాల కట్టలు స్టోర్ రూంలోకి మోశాం. మోస్తూ ఆమె తన కూతురు డిగ్రీ మధ్యలో ఎట్లా మానేసిందో చెప్పింది. ఆ కాలేజీ ఈ కాలేజీయే. ఇరవై ఏళ్లుగా ఆ గది తాళం ఆమె కొంగుకే ఉంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. కమిటీలో బోధనేతర సిబ్బందికి రెండు స్థానాలున్నాయని చెబితే, "నాకు సంతకం రాదమ్మా" అంది. వేలిముద్ర వేయొచ్చన్నాను. నవ్వింది.

కాలేజీ తెరిచాక గురువారం మధ్యాహ్నం లంచ్ టైంలో గది తెరిచి పెడుతున్నాను. మొదటి వారం ఎవరూ రాలేదు. రెండోవారం ముగ్గురు వచ్చారు, ఫ్యాను ఉందని. అన్నం తిని వెళ్లారు. మూడోవారం వాళ్లలో ఒకమ్మాయి స్కాలర్‌షిప్ దరఖాస్తు తెచ్చి, దీన్ని నింపడం చూపిస్తారా మేడం అంది. ఆ రోజంతా దరఖాస్తులతోనే సరిపోయింది. ఏ అనుమతితో గది తెరిచారో రాతపూర్వకంగా తెలపమని ఆఫీసు నుంచి నాకొక మెమో వచ్చింది. 2015 నిబంధనల నాలుగో క్లాజు నకలు జతచేసి, ఎన్నికకు తేదీ సూచిస్తూ, పాత రిజిస్టర్లో నా నాలుగు సంతకాలూ వాస్తవం కావని కూడా అందులోనే రాసి ఇచ్చాను. నా కాంట్రాక్టు రెన్యువల్ కాగితాలు కూడా ఇప్పుడు అదే టేబుల్ మీద ఉన్నాయి.

తాళం సంగతి అడిగిన అమ్మాయి ఇప్పుడు మూడో సంవత్సరం. గురువారాలు ఆ గది ముందు నుంచే లైబ్రరీకి పోతుంది. పోయినవారం గుమ్మంలో ఒక నిమిషం ఆగింది. "తాళం నా దగ్గర కూడా ఉందమ్మా" అన్నాను. "ఎరుకే మేడం" అని వెళ్లిపోయింది.